స్కిజోఫ్రీనియాలో మెదడు రక్తప్రసరణ: మన జిల్లాల్లో చదవాలంటే ఏ పద్ధతి మంచిది?

శ్రీకాకుళంలో ఓపీలో కూర్చుంటే రెండు రకాల మనుషులు నన్ను దాదాపు ఒకే ప్రశ్న అడుగుతుంటారు. మొదటివాళ్లు రోగిని తీసుకొచ్చిన తల్లిదండ్రులు. "డాక్టరు బాబూ, తలకి స్కానింగు తీసీండి, లోపల ఏటుందో తెలిసిపోద్ది కదా" అంటారు. రెండోవాళ్లు పీజీ పిల్లలు. "సార్, థీసిస్‌కి స్కిజోఫ్రీనియాలో బ్రెయిన్ బ్లడ్ ఫ్లో తీసుకుందామనుకుంటున్నా, ఏ మెషిన్ అయితే బాగుంటుంది?" అంటారు. తల్లిదండ్రులకి జవాబు చిన్నది, కాబట్టి ముందు అది చెప్పేస్తాను. మిగతాదంతా పీజీల కోసం. ఈ విషయం మీద ఆసక్తితో చదివే మామూలు పాఠకులకి కూడా అర్థమయ్యేలానే రాస్తున్నాను.

జబ్బు తేల్చుకోవడానికైతే ఏదీ వద్దు

స్కిజోఫ్రీనియా ఉందో లేదో చెప్పే స్కాన్ ఈ రోజుకీ లేదు. డాక్టర్లు చూసుకునే జబ్బుల జాబితాలు ఐసీడీ-11లో గానీ, అమెరికావాళ్ల డీఎస్ఎం-5లో గానీ నిర్ధారణకి రక్తప్రసరణ కొలవమని ఎక్కడా లేదు. ఎవరూ లేనప్పుడు మాటలు వినిపిస్తున్నాయా, ఎవరో తనకి హాని తలపెట్టారని గట్టిగా నమ్ముతున్నాడా, మాట పొంతన తప్పిందా, ఎన్నాళ్లుగా ఇలా ఉంది, పనీపాటా ఎలా సాగుతోంది. ఇవి అడిగి, మనిషిని చూసి, ఇంట్లోవాళ్లు చెప్పింది విని తేల్చే జబ్బు ఇది. మొదటిసారి వచ్చినవాళ్లకి మేం మామూలు ఎమ్మారై రాసే మాట నిజమే. అది స్కిజోఫ్రీనియాని పట్టుకోవడానికి కాదు. మెదడులో గడ్డో, వాపో, బద్దెపురుగు తిత్తులో లేవని చూసుకోవడానికి.

"మరి పేపర్లో తేడా ఉందని రాశారు కదా సార్" అంటారు కాస్త చదువుకున్నవాళ్లు. ఉంది, కానీ అది గుంపుల సగటుల మధ్య తేడా. శ్రీకాకుళం మగవాళ్ల సగటు ఎత్తుకీ విజయనగరం మగవాళ్ల సగటు ఎత్తుకీ అర సెంటీమీటరు తేడా ఉందనుకుందాం. రెండు జిల్లాల సరిహద్దులో పైడిభీమవరం దగ్గర బస్సు దిగిన మనిషి ఎత్తు కొలిచి అతనిది ఏ జిల్లానో చెప్పగలరా? రక్తప్రసరణ స్కాన్ సంగతీ అంతే. కాబట్టి ఇంట్లో మనిషికి జబ్బు అనుకుంటే స్కాన్‌కి పెట్టే డబ్బు మందులకి, ప్రయాణాలకి దాచుకోండి. చిల్లంగి అనుకుని భూతవైద్యుడి చుట్టూ తిరిగి నెలలు పోగొట్టుకోకండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్ నంబరు, తెలుగులో మాట్లాడతారు.

ఇక పరిశోధన సంగతి.

ముందు ప్రశ్న, తర్వాతే మెషిన్

మెదడు బరువు ఒంటి బరువులో 2 శాతమే. గుండె పంపే రక్తంలో మాత్రం సుమారు 15 శాతం అదే తీసుకుంటుంది, ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం. పెద్దవాళ్లలో 100 గ్రాముల మెదడుకి నిమిషానికి 50 మిల్లీలీటర్ల చుట్టూ రక్తం అందుతుంది. ఏ భాగం ఎక్కువ పని చేస్తే అక్కడికి ఎక్కువ రక్తం వెళ్తుంది. అందుకే రక్తప్రసరణ చూస్తే మెదడు పని తీరు తెలుస్తుందని ఆశ.

ఆ ఆశ మొదట్లోనే దెబ్బ తింది. 1948లో అమెరికాలో సీమోర్ కెటీ బృందం స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ల మెదడు రక్తప్రసరణ కొలిచింది. మనిషి చేత నైట్రస్ ఆక్సైడ్ కలిపిన గాలి పీల్పించి, ధమనిలోంచీ మెడ సిరలోంచీ రక్తం తీసి లెక్క కట్టారు. 100 గ్రాములకి నిమిషానికి రోగుల్లో 54 మిల్లీలీటర్లు, ఆరోగ్యవంతుల్లో 54! మొత్తం మెదడుకి వెళ్లే రక్తంలో తేడా ఏమీ లేదు. చాలామంది అక్కడితో ఈ దారి మూసుకుపోయిందనుకున్నారు.

1974లో స్వీడన్‌లో ఇంగ్వార్, ఫ్రాన్‌జెన్ జినాన్-133 అనే రేడియోధార్మిక వాయువుతో భాగాలవారీగా చూశారు. మొత్తం మామూలుగానే ఉంది, కానీ పంపకం వేరు. మామూలు మనుషుల్లో ఊరికే కూర్చున్నప్పుడు నుదుటి వెనక భాగానికి ఎక్కువ రక్తం వెళ్తుంది. చాలా ఏళ్లుగా జబ్బు ఉన్నవాళ్లలో ఆ మొగ్గు తగ్గింది. దీన్నే హైపోఫ్రంటాలిటీ అన్నారు. 1986లో వైన్‌బర్గర్ బృందం ఇంకో మెట్టు ఎక్కింది. రోగికి ఊరికే కూర్చోమనకుండా, నియమం మారుతూ ఉండే పేకముక్కల పరీక్ష ఒకటి ఇచ్చారు. మామూలు మనుషుల్లో ఆ పని చేసేటప్పుడు నుదుటి వెనక పైభాగంలో రక్తప్రసరణ పెరిగింది. రోగుల్లో ఆ పెరుగుదల సరిగా రాలేదు.

ఈ మూడూ మూడు వేర్వేరు ప్రశ్నలు. మొత్తం ఎంత వెళ్తోంది? ఏ భాగానికి ఎంత? ఏ పని చేస్తున్నప్పుడు, ఏ లక్షణం ఉన్నప్పుడు మారుతోంది? నా దగ్గరికి వచ్చే పీజీల్లో ఎక్కువమంది మెషిన్ పేరుతో వస్తారు, ప్రశ్నతో రారు. ప్రశ్న తేలకపోతే కింద చెప్పినవాటిలో ఏది తీసుకున్నా చివరికి విశ్లేషణ దగ్గర చిక్కుకుంటారు.

పెట్: అన్నిటికంటే కచ్చితం, మనకి అన్నిటికంటే దూరం

రక్తప్రసరణ కొలతలో పెద్దన్న పెట్ స్కాన్. ఆక్సిజన్-15 అనే రేడియోధార్మిక ఆక్సిజన్ ఉన్న నీటిని నరంలోకి ఎక్కించి చూస్తారు. మిగతా పద్ధతుల్ని దీంతోనే పోల్చి సరిచూస్తారు. చిక్కేమిటంటే ఆక్సిజన్-15 అర్ధాయువు, అంటే అది సగానికి తగ్గే సమయం, 2 నిమిషాలు. ఇలాంటివి తయారుచేసే సైక్లోట్రాన్ అనే యంత్రంలోంచి రాగానే పక్క గదిలోనే వాడేయాలి. శ్రీకాకుళం టౌన్‌లో తయారుచేసి ఆమదాలవలస స్టేషన్‌కి ఆటోలో తీసుకెళ్లే 20 నిమిషాల్లో అది వెయ్యో వంతుకి వచ్చేస్తుంది. కచ్చితమైన అంకె కావాలంటే పైగా మణికట్టు దగ్గర ధమనిలో సూది పెట్టాలి. అనుమానంతో సతమతమయ్యే మనిషి చేయి చాపి ఆ సూదికి ఒప్పుకుంటాడా?

ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. క్యాన్సర్ కోసం తీసే పెట్ స్కాన్ వేరు. అందులో వాడేది ఫ్లోరిన్-18 తగిలించిన చక్కెర. అర్ధాయువు 110 నిమిషాలు కాబట్టి ఊరు దాటి కూడా తీసుకెళ్లొచ్చు. కానీ అది కొలిచేది చక్కెర వాడకాన్ని. రక్తప్రసరణతో దానికి దగ్గర చుట్టరికం ఉంది, అయినా రెండూ ఒకటి కాదు. థీసిస్ పేరులో రక్తప్రసరణ అని పెట్టి ఇది తీస్తే మొదటి ఎగ్జామినరే పట్టుకుంటాడు. పెట్ పేపర్లు చదవండి, చేయాలనుకోకండి. సైక్లోట్రాన్ ఉన్న పెద్ద సంస్థలో ఫెలోషిప్‌కి వెళ్లినప్పుడు చూసుకోవచ్చు.

స్పెక్ట్: ఒక్క ప్రశ్నకి మాత్రం దీనికి సాటి లేదు

స్పెక్ట్ కూడా రేడియోధార్మిక మందు ఎక్కించి తీసే స్కానే. పాతబడిపోయిందని పిల్లలు చిన్నచూపు చూస్తారు. బొమ్మ మసకగా ఉంటుంది, నిజమే. సెంటీమీటరు కంటే చిన్న భాగాన్ని నమ్మకంగా విడదీయలేరు. మామూలుగా వచ్చేది కూడా పోలిక అంకె, ఈ భాగంలో చిన్నమెదడుతో పోలిస్తే ఎంత అని. ఇన్ని మిల్లీలీటర్లు అని చెప్పదు.

కానీ దీని మందుకి ఒక గుణం ఉంది. టెక్నీషియం-99ఎం తో కలిపిన హెచ్ఎంపీఏఓ నరంలోకి వెళ్లాక రెండు నిమిషాల్లోపే రక్తంతో పాటు మెదడులోకి వెళ్లి అక్కడే అతుక్కుపోతుంది. టెక్నీషియం అర్ధాయువు 6 గంటలు. అంటే ఇంజెక్షన్ ఇచ్చిన క్షణంలో మెదడు ఎలా ఉందో, ఆ తర్వాత నింపాదిగా తీసిన బొమ్మలో అదే కనిపిస్తుంది. రోగిని నిశ్శబ్దమైన గదిలో కూర్చోబెట్టి, "ఇప్పుడు వినబడుతున్నాయి" అని వేలెత్తగానే ఇంజెక్షన్ ఇవ్వొచ్చు. మెషిన్‌లోకి తర్వాత వెళ్లొచ్చు. 1993లో లండన్‌లో మెక్‌గ్వైర్ బృందం 12 మంది మగరోగుల్ని ఇలాగే చూసింది, గొంతులు వినిపిస్తున్నప్పుడు ఒకసారి, అవి తగ్గాక ఇంకోసారి. వినిపిస్తున్నప్పుడు బ్రోకా ప్రాంతంలో రక్తప్రసరణ ఎక్కువగా ఉంది. అది మాట వినే భాగం కాదు, మాట పుట్టే భాగం! తనలో పుట్టిన మాటనే బయటి గొంతుగా పొరబడుతున్నాడన్న ఊహకి అది బలమిచ్చింది.

కాబట్టి మీ ప్రశ్న గొంతుల గురించే అయి, న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉన్న విశాఖ ఆసుపత్రితో మీ కాలేజీకి పొత్తు కుదిరేలా ఉంటే స్పెక్ట్‌ని తోసిపుచ్చకండి. ఎథిక్స్ కమిటీ మాత్రం ఒకటి అడుగుతుంది, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి రేడియేషన్ ఎందుకు ఇవ్వాలి అని. సరైన ప్రశ్నే. జవాబు మెక్‌గ్వైర్ పద్ధతిలోనే ఉంది. రోగిని అదే రోగితో పోల్చండి, వేరే గుంపు అక్కరలేదు.

సీటీ పెర్ఫ్యూజన్, అంటే సీటీ స్కాన్‌తో రక్తప్రసరణ చూడటం గురించి ఒక్క ముక్క. పక్షవాతం వచ్చినవాళ్లకి అది ప్రాణం నిలిపే పరీక్ష. స్కిజోఫ్రీనియా పరిశోధనకి రేడియేషనూ, అయోడిన్ మందూ రెండూ పెట్టి చేసేంత లాభం లేదు.

ఎమ్మారై: పేరు ఒకటే, పద్ధతులు మూడు

ఇక్కడే ఎక్కువమంది తడబడతారు, నేనూ తడబడ్డాను. కొన్నేళ్ల కిందట ఒక స్కానింగ్ సెంటర్‌కి ఫోన్ చేసి "పెర్ఫ్యూజన్ ఉందా" అంటే "ఉంది సార్, పంపండి" అన్నారు. తీరా రోగిని, అతని అన్నయ్యని బస్సెక్కించుకుని వెళ్తే అది కాంట్రాస్ట్ ఇంజెక్షన్‌తో చేసేది. నాకు కావలసింది ఇంజెక్షన్ లేనిది. ఆ రోజు వాళ్ల కూలీ పోయింది, నా పరువూ పోయింది. అప్పట్నుంచి పూర్తి పేరు చెప్పి అడుగుతున్నాను.

కాంట్రాస్ట్‌తో చేసేదాన్ని డీఎస్‌సీ అంటారు. గాడోలినియం మందు వేగంగా ఎక్కించి, అది మెదడులోంచి దాటిపోయే కొన్ని సెకన్లలో వరసగా బొమ్మలు తీస్తారు. సిగ్నల్ బలంగా ఉంటుంది, 1.5 టెస్లా (టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలత) మెషిన్ మీద కూడా బాగానే వస్తుంది. కానీ మన జిల్లాలో దీనికి ఒక ప్రత్యేకమైన అడ్డంకి ఉంది. అదే ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చే మనిషి కిడ్నీలు పైకి ఏమీ చెప్పకుండానే దెబ్బ తిని ఉండొచ్చు. కారణం ఇంకా పూర్తిగా తేలని జబ్బు అది. కిడ్నీ వడపోత నిమిషానికి 30 మిల్లీలీటర్ల కంటే తగ్గినవాళ్లలో పాత రకం గాడోలినియం మందులు చర్మాన్నీ లోపలి అవయవాల్నీ గట్టిపరిచే ప్రమాదకరమైన జబ్బు తెచ్చాయి. ఇప్పుడు వాడే కొత్త రకాలతో ఆ ప్రమాదం చాలా తక్కువ. అయినా వైద్యం కోసం కాకుండా మన చదువు కోసం ఇచ్చే ఇంజెక్షన్ కాబట్టి కిడ్నీల పని తీరు చెప్పే రక్తపరీక్ష సీరం క్రియాటినిన్ చూడకుండా సూది పట్టుకోవద్దు. నా మటుకు నేను ఉద్దానం నుంచి వచ్చే రోగులున్న అధ్యయనానికి డీఎస్‌సీ ఎంచుకోను.

రెండోది బోల్డ్, అంటే అందరూ ఎఫ్ఎమ్మారై అనేది. ఇది రక్తప్రసరణ పరిమాణాన్ని కొలవదు. రక్తంలో ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్‌కీ లేనిదానికీ అయస్కాంత గుణంలో ఉన్న తేడాని పట్టుకుంటుంది. ప్రసరణ, రక్తం పరిమాణం, ఆక్సిజన్ వాడకం మూడూ కలిసి ఇచ్చే సంకేతం అది. ఒక పని చేస్తున్నప్పుడు ఏ భాగం మారిందో చూడటానికి చాలా మంచిది. "ఈ రోగిలో ప్రసరణ ఇంత, మందు మొదలుపెట్టిన ఆరు వారాలకి ఇంత" అని రాయాలంటే పనికిరాదు.

మూడోది ఏఎస్ఎల్, ఆర్టీరియల్ స్పిన్ లేబెలింగ్. నా మొగ్గు దీనివైపే. 1992లో డెట్రే, అతని సహచరులు దీన్ని ముందుకు తెచ్చారు. సూది లేదు, రేడియేషన్ లేదు. మెడ దగ్గర పైకి వెళ్తున్న రక్తంలోని నీటికి రేడియో తరంగాలతో ఒక గుర్తు వేస్తారు. ఆ గుర్తుపడ్డ రక్తం మెదడుకి చేరేదాకా ఆగి బొమ్మ తీస్తారు. గుర్తు వేయకుండా ఇంకో బొమ్మ తీస్తారు. రెండిటి తేడా నుంచి రక్తప్రసరణ లెక్క కడతారు. 100 గ్రాములకి నిమిషానికి ఇన్ని మిల్లీలీటర్లు అన్న అంకె వస్తుంది. అదే మనిషికి ఎన్నిసార్లైనా తీయొచ్చు, ఆరోగ్యంగా ఉన్న తమ్ముడికీ తీయొచ్చు.

లోపం కూడా చెప్పాలి. ఆ తేడా సంకేతం మెదడు కణజాలం ఇచ్చే మొత్తం సంకేతంలో 1 శాతం చుట్టూనే ఉంటుంది. అందుకని జంటలు జంటలుగా చాలా బొమ్మలు తీసి సగటు కట్టాలి, నాలుగైదు నిమిషాలు పడుతుంది. ఆ సేపట్లో తల కదిలితే మొత్తం పాడవుతుంది. 1.5 టెస్లా మీద సంకేతం మరీ సన్నగా వస్తుంది, 3 టెస్లా కావాలి. మెషిన్ ఉన్నా ఆ సాఫ్ట్‌వేర్ కొనకపోయి ఉండొచ్చు. కాబట్టి సెంటర్‌కి ఫోన్ చేసినప్పుడు అడగాల్సింది ఇలా (సూడో కంటిన్యువస్ అంటే గుర్తు వేసే ఒక పద్ధతి, లేబెలింగ్ అంటే గుర్తు వేయడం): "త్రీ టెస్లానా? సూడో కంటిన్యువస్ ఏఎస్ఎల్ ఉందా? లేబెలింగ్ సమయం, ఆ తర్వాత ఆగే సమయం మేం చెప్పినట్టు మార్చగలరా?" 2015లో ఈ రంగంలోవాళ్లంతా కూర్చుని రాసుకున్న ఒప్పంద పత్రం ప్రకారం లేబెలింగ్ 1800 మిల్లీసెకన్లు. ఆ తర్వాత ఆగేది 70 ఏళ్ల లోపు ఆరోగ్యవంతుల్లో 1800, రోగుల్లో 2000. మన రోగులు చాలావరకు యువకులు. 2000 పెడితే రెండు గుంపులకీ అదే పెట్టండి. రోగులకి ఒకటి, కంట్రోళ్లకి (పోలిక కోసం తీసుకునే ఆరోగ్యవంతులకి) ఒకటి పెట్టారో, మీరు కనిపెట్టింది జబ్బునో మిల్లీసెకన్లనో ఎవరూ చెప్పలేరు.

మంచం పక్కకి వచ్చే మెషిన్లు

3 టెస్లా అందుబాటులో లేని పీజీకి దారి లేదా? ఉంది, కాకపోతే ప్రశ్న చిన్నదిగా మార్చుకోవాలి.

ట్రాన్స్‌క్రేనియల్ డాప్లర్‌లో కణత మీద ప్రోబ్ పెట్టి లోపలి పెద్ద ధమనిలో రక్తం ఎంత వేగంగా పోతోందో చూస్తారు. 1982లో ఆస్లిడ్ మొదలుపెట్టిన పద్ధతి. వార్డుకే తేవచ్చు, రోగి భార్య పక్కన కూర్చోవచ్చు, మెషిన్ మోత లేదు. ఇది చెప్పేది వేగం మాత్రమే, పరిమాణం కాదు. ఏ భాగానికి ఎంత వెళ్తోందో అసలే చెప్పదు. కొందరిలో, ముఖ్యంగా వయసు మళ్లిన ఆడవాళ్లలో కణత ఎముక మందం వల్ల సంకేతమే దొరకదు. ఊపిరి బిగబట్టినప్పుడు వేగం ఎంత పెరుగుతుంది, అంటే రక్తనాళాలు ఎంత చక్కగా సాగుతున్నాయి అన్న ప్రశ్నకి ఇది చాలా బాగా సరిపోతుంది. మందులతో బరువు పెరిగి, షుగరు వచ్చిన స్కిజోఫ్రీనియా రోగుల్లో అది అడగాల్సిన ప్రశ్నే.

ఇంకొకటి నియర్ ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రోస్కోపీ, పొట్టిగా నిర్స్. నుదుటి మీద పట్టీ కట్టి కాంతితో పై పొరల్లో ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్ మార్పు చూస్తారు. లోతుకి పోదు, నెత్తి చర్మంలో రక్తం కూడా కలిసిపోతుంది, నల్లని దట్టమైన జుట్టు కాంతిని మింగేస్తుంది. అందుకే నుదురే గతి. బొట్టు తుడవమని ముందే మర్యాదగా చెప్పాలి. జపాన్‌లో దీన్ని మానసిక జబ్బుల్లో సహాయ పరీక్షగా ఆసుపత్రుల్లోనే వాడుతున్నారు. సాధారణంగా ఇచ్చే పని, ఒక అక్షరంతో మొదలయ్యే మాటలు చెప్పమనడం. ఇక్కడ పుస్తకంలో ఉన్నది దించేయకండి. బడి ముఖం చూడని కళింగపట్నం మత్స్యకారుణ్ని "క తో మొదలయ్యే మాటలు చెప్పు" అంటే బిక్కమొహం వేస్తాడు, నుదుట్లో ఏ మార్పూ రాదు, మీరు దాన్ని హైపోఫ్రంటాలిటీ అని రాసేస్తారు. అదే మనిషిని చేపల పేర్లు అడగండి. కోనాం, వంజరం, కవళ్లు, నెత్తళ్లు అంటూ మీ స్టాప్‌వాచ్ చాలదు. అప్పుడు మాత్రం కంట్రోళ్లని కూడా అదే పేట నుంచి తేవాలి.

అసలు గండం మెషిన్‌లో లేదు

ఇది చెప్పడానికే ఇంత రాశాను. రోగికీ మామూలు మనిషికీ మధ్య మనం వెతికే తేడా చిన్నది. ఆ తేడాని మింగేసేవి పొద్దున్నే ఇంట్లోనే జరిగిపోతాయి.

కెఫీన్ మెదడు రక్తనాళాల్ని బిగిస్తుంది. 200-250 మిల్లీగ్రాముల కెఫీన్ ప్రసరణని 20 నుంచి 30 శాతం దాకా తగ్గిస్తుంది. ఇచ్ఛాపురంలో తెల్లవారుజామున బయల్దేరి, స్టేషన్లో ఒక టీ, ఆమదాలవలసలో దిగి ఇంకో టీ, ఓపీ బయట ఎదురుచూస్తూ మూడోది తాగినవాడికీ, హాస్టల్లో నిద్ర లేచి నేరుగా వచ్చిన మెడికల్ స్టూడెంట్ కంట్రోల్‌కీ మధ్య మీరు చూసేది టీ తేడా కావచ్చు. పొగాకూ అంతే. స్కిజోఫ్రీనియా ఉన్న మగవాళ్లలో పొగ తాగేవాళ్లు ఎక్కువ. మన తీరంలో ఆడవాళ్లనీ అడగాలి. నిప్పు కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మమ్మల తరం ఇంకా ఉంది. "సిగరెట్ తాగుతావా అమ్మా" అంటే లేదంటుంది. చుట్ట అని అడగండి. పైగా పొగ క్లోజపిన్, ఓలాంజపిన్ మందుల్ని ఒంట్లోంచి త్వరగా తోసేస్తుంది, కాబట్టి ఒకే డోసు ఇద్దరిలో ఒకే డోసు కాదు.

తర్వాత ఊపిరి. రక్తంలో కార్బన్ డై ఆక్సైడ్ పీడనం ఒక్క మిల్లీమీటరు (పాదరస మట్టంలో) తగ్గితే ప్రసరణ సుమారు 3-4 శాతం తగ్గుతుంది. టెన్షన్‌తో గబగబా ఊపిరి తీసేవాడికి అయిదారు మిల్లీమీటర్లు తగ్గడం ఎంతసేపు? మెషిన్ లోపల భయపడేది రోగులే ఎక్కువ. అంటే భయం జబ్బులాగా కనిపిస్తుంది. ముక్కు దగ్గర సన్నని గొట్టం పెట్టి బయటికి వదిలే కార్బన్ డై ఆక్సైడ్ చూడగలిగితే చూడండి. లేకపోతే కనీసం ఊపిరి లెక్కపెట్టి రాసుకోండి.

రక్తం పలచన. హిమోగ్లోబిన్ తక్కువ ఉంటే మెదడు ఎక్కువ రక్తాన్ని లాక్కుంటుంది. ఏఎస్ఎల్ లెక్కలో, వేసిన గుర్తు రక్తంలో చెరిగిపోయే సమయం అందరికీ ఒకటే అని పెట్టేస్తారు. 3 టెస్లా మీద 1650 మిల్లీసెకన్లు. రక్తహీనత ఉన్నవాళ్లలో అదీ మారుతుంది. జిల్లాలు విడిపోయినా సీతంపేట, కురుపాం ఏజెన్సీ మనుషులు మన ఆసుపత్రులకే వస్తారు. అక్కడ సికిల్ సెల్ ఉన్న కుటుంబాలున్నాయి. ఆ జబ్బులో ప్రసరణ బాగా పెరుగుతుంది. సీబీపీ అనే మామూలు రక్తపరీక్ష ఒక్కటి రాస్తే తెలిసేదానికి తర్వాత తల పట్టుకోవడం ఎందుకు?

చివరగా మందు. హలోపెరిడాల్ లాంటి మందులు మెదడు లోతుల్లోని స్ట్రయేటమ్‌లో రక్తప్రసరణ పెంచుతాయి. పదేళ్లుగా మందు వాడుతున్నవాణ్ని, మందే ఎరగనివాడితో పోలిస్తే వచ్చే తేడాలో జబ్బు వాటా ఎంతో, మందు వాటా ఎంతో ఎవరు చెప్పగలరు? మన దగ్గర ఇప్పటికీ ఒక్క మాత్ర కూడా వేసుకోకుండా ఏళ్ల తర్వాత వచ్చే రోగులున్నారు. పరిశోధకుడి కంటికి అది అవకాశంలా కనిపిస్తుంది. జాగ్రత్త. స్కాన్ ఖాళీ లేదని మందు మొదలుపెట్టడం వారం వాయిదా వేయడం తప్పు. ఆ రోజో మరునాడో స్కాన్ దొరికితే తీయండి. లేదంటే ఆ మనిషిని అధ్యయనంలోంచి వదిలేయండి.

మనిషి ఒప్పుకోవాలి

మెషిన్ పోలికలు రాసేవాళ్లు దీన్ని వదిలేస్తారు. తన ఆలోచనల్ని ఎవరో చదువుతున్నారని, తలలో చిప్ పెట్టారని నమ్మే మనిషిని తల చుట్టూ డబడబమనే గొట్టంలోకి పంపుతున్నాం. మోతలో ఆ గొంతులు పెరిగాయని చెప్పినవాళ్లున్నారు. ముందురోజే ఆ గది చూపించండి, ఆ మోత ఫోన్లో వినిపించండి, బెల్ నొక్కితే నిమిషంలో బయటికి తీస్తామని చెప్పి, నిజంగానే తీసి చూపించండి. నిద్రమందు ఇచ్చి పడుకోబెడితే ఆ మందే ప్రసరణని మార్చేస్తుంది, కాబట్టి పరిశోధనకి ఆ దారి లేదు.

అన్నయ్య సంతకం చాలదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో 99వ సెక్షన్ ప్రకారం రోగే అర్థం చేసుకుని, ఇష్టంతో ఒప్పుకోవాలి. ఒప్పుకునే స్థితిలో లేని మనిషి ఎదురుచెప్పకపోయినా రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ అనుమతి కావాలి. థీసిస్ గడువులో ఆ అనుమతి కోసం తిరగడం కంటే, విషయం అర్థం చేసుకుని తనే సరే అనగలిగే రోగుల్నే తీసుకోవడం మేలు.

నన్నడిగితే

శ్రీకాకుళంలోనో, విజయనగరంలోనో, నెల్లిమర్లలోనో పీజీ చేస్తూ, ఏఎస్ఎల్ ఉన్న 3 టెస్లా మెషిన్ విశాఖలో వారానికి ఒక పూటైనా దొరికితే, ఏఎస్ఎల్ తీసుకోండి. రెండు గుంపుల పోలిక కాకుండా ఒకే గుంపుకి మందుకి ముందు, ఆరు వారాల తర్వాత అని పెట్టుకోండి. ప్రశ్న గొంతుల మీదే అయితే స్పెక్ట్. ఏదీ దొరక్కపోతే డాప్లర్‌తో ఊపిరి బిగబట్టే పరీక్ష. నిజాయితీగా చేసిన డాప్లర్ థీసిస్‌ని నేను చదువుతాను. 1.5 టెస్లా మీద సగం సగం తీసిన ఏఎస్ఎల్‌ని చదవను. నిర్స్ మీ విభాగంలో ఇప్పటికే ఉంటే వాడండి, దాని కోసమని కొనిపించకండి. ఎప్పుడైనా కంట్రోళ్లు కావాల్సివస్తే దసరా తర్వాత వారంలో పెట్టుకోకండి, విజయనగరం పైడితల్లి సిరిమానుకి వెళ్లొచ్చి మూడు రోజులు నిద్ర లేనివాళ్లే దొరుకుతారు.

కేస్ షీట్‌కి ముందు ఒక కాగితం పిన్ చేసుకోండి. చివరి టీ ఎన్నింటికి, చివరి చుట్ట ఎన్నింటికి, రాత్రి నిద్ర ఎంత, హిమోగ్లోబిన్ ఎంత, క్రియాటినిన్ ఎంత, ఏ మందు ఎంత డోసు, చివరి డిపో ఇంజెక్షన్ (వారాల తరబడి పనిచేసేది) ఏ తేదీన. దూరం నుంచి వచ్చేవాళ్లకి ముందురాత్రే వార్డులో మంచం ఇప్పించి, పొద్దున మొదటి స్లాట్ వాళ్లకే పెట్టండి. స్కాన్ అయ్యి బయటికి రాగానే టీ తెప్పించండి. పొద్దున్నుంచీ ఆపింది మనమే కదా.